అరువు ప్రాణాలు

ఇప్పుడు నలభయ్యో పడిలో వున్న గృహస్థు నెవరినయినా ఆపి, "చిన్నతనంలో మీకు ప్రాణాలెన్ని వుండేవండీ?" అని అడిగి చూడండి. పంచప్రాణాలని చెప్పవలసిన తెలుగువాడు "మూడు" అని ఠక్కున జవాబు చెబుతాడు. చెప్పి, అటూ యిటూ చూచి, గొంతు తగ్గించి, "కిటుకు తెలిసినవాడికి ముప్ఫయి" అని కూడా అంటాడు. మతి చలించిందేమోనని మీరు కంగారు పడనక్కరలేదు. ఆయన "కాంట్రా" ఆడిన తరంవాడు. అంతే!

కాంట్రా అనేది టెలివిజనుకు తగిలించుకొని ఆడే తుపాకుల ఆట. 1990 దశకంలో వేసవి సెలవులు వచ్చాయంటే బందరులోను, గుడివాడలోను, దివిసీమ పల్లెల్లోను టీవీ వున్న ప్రతి వీధిలోనూ దాని చప్పుడు వినిపించేది. మామిడిపళ్ల బుట్టకు, పేకాటకు, తాతగారి మధ్యాహ్నపు నిద్రకు మధ్య దానికొక చోటు వుండేది. తరువాత ఆ పెట్టెలు అటకెక్కాయి. పిల్లలు పెద్దవాళ్లయి ఉద్యోగాలకు పోయారు.

ఆ ఆటను తయారుచేసిన జపాను సంస్థ కొనామీ 2019లో దానిని దుమ్ము దులిపి, తోబుట్టువులతో సహా ఒక సంకలనంగా మళ్లీ విడుదల చేసింది. 2024లో అదే కథను కొత్త బొమ్మలతో తిరిగి చెప్పించింది. తెలుగు పాఠాలు చెప్పుకు బ్రతికేవాడికి యీ గొడవతో యేమి పని అని పాఠకులు అడగవచ్చు. పాత ప్రతిని కొత్తగా అచ్చువేసినప్పుడు యేది నిలుస్తుంది, యేది జారిపోతుంది అన్నది మా వృత్తిలో నిత్యం యెదురయ్యే ప్రశ్న. ఆ ప్రశ్ననే యీ ఆటకు కూడా వేసి చూచాను. అది నన్ను తుపాకుల దగ్గర ఆపక, పక్కన కూర్చున్న మనిషి దగ్గరకు తీసుకుపోయింది.

పేరు లేని పెట్టె

నింటెండో అనే జపాను సంస్థ 1983 జులైలో "ఫ్యామికామ్" అనే ఆటపెట్టెను అమ్మకానికి పెట్టింది. 1985లో అది అమెరికా చేరి, అక్కడ పేరూ ఆకారమూ మార్చుకున్నది. రెండు రూపాలూ కలిపి ప్రపంచమంతటా ఆరు కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

మన యిళ్లకు వచ్చిన పెట్టె సామాన్యంగా ఆ ఆరు కోట్లలోది కాదు. అసలుదాని లోపలి విద్యను చూచి తూర్పుదేశాలలో చేసిన నకలు. ఏ పేరుతో అమ్మితే ఆ పేరు దానికి చెల్లేది. మన పిల్లలకు అది వట్టి "టీవీ గేము". ఒక పెట్టె, రెండు రిమోట్లు, ఒక పసుపుపచ్చని క్యాసెట్టు. క్యాసెట్టు మీద "9999 ఆటలు" అని అచ్చువేసి వుండేది. తీరా పెట్టి చూస్తే వున్నవి పట్టుమని పదో పదిహేనో. అవే పేర్లు మార్చుకొని మళ్లీ మళ్లీ వచ్చేవి. పెళ్లిలో తొమ్మిది రకాల పిండివంటలని చెప్పి ఒక్క లడ్డూనే తొమ్మిది ఆకారాలలో వడ్డించినట్లన్నమాట!

దానిని తగిలించటం ఒక తతంగం. టీవీ వెనుక యాంటెన్నా తీగ పీకాలి. ఆటపెట్టె తీగ గుచ్చాలి. తెరమీద చీమలు పారుతుంటే, బొమ్మ దొరికేదాకా చానెలు మర తిప్పుతూ వుండాలి. ఆట ముగిసిన తరువాత దూరదర్శను మళ్లీ సరిగా రాకపోతే యింటి పెద్దల చేత చీవాట్లు తినాలి. క్యాసెట్టు పనిచేయకపోతే నోటితో గట్టిగా వూదటం మాకందరికీ తెలిసిన వైద్యం. నోటి తేమకు లోపలి లోహపు పళ్లు చెడిపోతాయి, వూదవద్దు అని నింటెండో వారే హెచ్చరించినట్లు యెంతో కాలానికి గాని మాకు తెలియలేదు. ఎడాప్టరు వేడెక్కుతుందని గంటకొకసారి ఆపించేవారు. ఆపించకపోయినా కరెంటు పోయి ఆ పని చేసేది.

ఇన్ని ఆటంకాలు దాటి ఆ పదో పదిహేనో ఆటలలో పిల్లల వేలు ముందుగా పోయేది కాంట్రా మీదికి.

ఎనిమిది అంకాల నాటకం

కొనామీ 1969లో ఒసాకాలో పాటలపెట్టెలు అద్దెకిచ్చి, బాగుచేసే వ్యాపారంగా పుట్టింది. 1987లో ఆ సంస్థ, నాణెం వేసి ఆడే పెద్ద యంత్రాల కోసం కాంట్రాను తయారుచేసింది. మరుసటి యేడు దానినే యింటి పెట్టెకు అనువుగా తిరిగి రచించింది. మనమెరిగినది యీ రెండవదే. దాని బరువెంతో తెలుసునా? మొత్తం 128 కిలోబైట్లు. ఇవాళ మీ చేతిలోని ఫోనుతో మీ మనుమరాలి ఫొటో ఒకటి తీస్తే, దానికి పట్టే చోటులో యిటువంటి ఆటలు పదికి పైగా యిమిడిపోతాయి.

ఆ కొద్ది జాగాలో యెనిమిది అంకాలు పెట్టారు. బిల్, లాన్స్ అని యిద్దరు సైనికులు. ఒకడికి నీలపు లాగు, ఒకడికి యెర్రలాగు; పైన చొక్కాలు లేవు. మొదటి అంకం అడవి. ఇద్దరూ పైనుంచి దూకుతారు. నాలుగడుగులు వేశారో లేదో, కాళ్లకింద వంతెన ముక్కలు ముక్కలుగా పేలిపోవటం మొదలుపెడుతుంది. రెండవ అంకంలో దృశ్యం మారి, సైనికుల వీపు వెనుకనుంచి చూస్తున్నట్లు కోట లోపలి నడవా కనిపిస్తుంది. మూడవది జలపాతం. తరువాత మరొక కోట, మంచునేల, నిప్పులు చిమ్మే కర్మాగారం, ముళ్లగోడల గిడ్డంగి, చిట్టచివరికి ఒక వింతజంతువు పొట్టలోపల కొట్టుకునే గుండెకాయ. అది పగిలితే దీవి పేలిపోతుంది, హెలికాప్టరు యెగిరిపోతుంది, కథ కంచికి.

ఆట కఠినమయినది. ఒక్క గుండు తగిలినా ప్రాణం పోయినట్లే. గుండు దాకా యెందుకు, శత్రువు వచ్చి ఒళ్లు తాకినా చాలు. ఉన్నవి మూడు ప్రాణాలు. మూడూ అయిపోతే, ఆ అంకం మొదటినుంచి మళ్లీ ఆడేందుకు మూడు అవకాశాలిస్తారు. ఆకాశంలో యెగిరే గొట్టాలను కొడితే వాటినుంచి ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క ఆయుధం. అన్నింటిలోకి రాజు "ఎస్". అది దొరికితే తుపాకి విసనకర్ర విప్పినట్లు అయిదు గుళ్లు ఒక్కసారిగా విరజిమ్ముతుంది. ప్రాణం పోతే దానితోపాటు ఆ ఆయుధమూ పోతుంది. అందుచేత "ఎస్" చేతికి వచ్చినవాడు కొత్తబట్టలు కట్టుకొని బురదవీధిలో నడిచేవాడిలాగా వొళ్లు దగ్గర పెట్టుకొని నడిచేవాడు.

కఠినమయినదే గాని అన్యాయమయినది కాదు. మాటువేసిన ఫిరంగి, తెరుచుకునే గోడ, దుర్గద్వారం ప్రతిసారీ వున్నచోటనే వుంటాయి. ఒకమారు చస్తే అక్కడ ప్రమాదమున్నదని తెలుస్తుంది, రెండవమారు చస్తే అది యే క్షణంలో వస్తుందో తెలుస్తుంది, మూడవమారు దాటిపోవచ్చు. చిన్నప్పుడు పద్యం వల్లెవేసినవారికి యీ పద్ధతి బాగా పరిచయమే. తప్పినచోట ఆగి, వెనక్కుపోయి, మళ్లీ మొదటి పాదం నుంచి అందుకోవటమే కదా వల్లెవేత అంటే!

అడగకుండా తీసుకోవచ్చు గాని...

ఈ ఆటలోని అసలు రహస్యం ఒకే తెరమీద యిద్దరు ఆడటంలో వున్నది. మన పెట్టెలకు రెండేసి రిమోట్లు వుండటం, మన యిళ్లలో యిద్దరేసి ముగ్గురేసి పిల్లలుండటం కాంట్రాకు చక్కగా కలిసివచ్చాయి.

ఇద్దరిలో ఒకడి మూడు ప్రాణాలూ అయిపోయాయనుకోండి. రెండవవాడి దగ్గర యింకా మిగిలి వుంటే, మొదటివాడు ఒక మీట నొక్కి ఆ మిగిలినవాటిలో నుంచి ఒకటి తీసుకొని మళ్లీ రంగంమీదకు రావచ్చు. అరువు ప్రాణమన్నమాట. గమనించవలసిందేమిటంటే, దీనికి రెండవవాడి అనుమతి అక్కరలేదు. యంత్రం ఆ ఆంక్ష పెట్టలేదు. మీట నొక్కితే చాలు, అన్నగారి ప్రాణం తమ్ముడికి వచ్చేస్తుంది. అడ్డుపడేదల్లా పక్కన కూర్చున్న అన్నగారి ముఖమే.

అందుచేత ప్రతి యింటిలోనూ ఒక ధర్మశాస్త్రం పుట్టింది. "ఒరేయ్, ఒక్క లైఫ్ యివ్వరా" అని అడిగి తీసుకోవటం మర్యాద. చివరి రాక్షసుడి దగ్గర అడగకుండా తీసుకున్నా క్షమించవచ్చు. ఊరికే దూకి చచ్చి, మళ్లీ మళ్లీ తీసుకునేవాడి చేతిలోనుంచి రిమోటు లాగేసుకోవచ్చు. అమ్మదగ్గరకు ఫిర్యాదు వెళితే టీవీయే కట్టివేస్తుంది గనుక, తగాదాలు అక్కడికక్కడే తీర్చుకోవాలి. ఈ శాస్త్రం యెవరూ వ్రాయలేదు. కొనామీ వారు చేసిందల్లా ఆ మీటకు తాళం వెయ్యకుండా వదలటమే.

జలపాతం అంకంలో యీ పరీక్ష మరింత గట్టిగా వుంటుంది. అక్కడ పక్కలకు నడక లేదు. రాయినుంచి రాయికి గెంతుతూ పైకెక్కటమే. తెర పైవాడితోపాటు పైకి జరుగుతుంది. కిందవాడు వెనుకబడితే తెర అడుగు వాణ్ణి మింగేస్తుంది. శత్రువు చంపలేదు, గుండు తగలలేదు. తోడువచ్చినవాడు తొందరపడ్డాడు, అంతే. "ఆగరా, నేనింకా కిందనే వున్నా!" అన్న కేక ఆ రోజుల్లో వినని వీధి లేదు. వేగంగా యెక్కగలిగినవాడు కావాలని నెమ్మదించటం నేర్చుకుంటేనే యిద్దరూ పైకి చేరతారు. ఇంత చిన్న నియమంలో ఇంత పెద్ద మాట పెట్టటం తయారుచేసినవారు ఉద్దేశించి చేశారో లేదో గాని, మా తరం పిల్లలు దానిని చేతివేళ్లతో నేర్చుకున్నారు.

ఇక ముప్ఫయి ప్రాణాల కిటుకు. ఆట మొదలయ్యే ముందు పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, తరువాత బీ, ఏ మీటలు వరుసగా నొక్కాలి. ఇది హషిమోటో కజుహిసా అనే కొనామీ ఉద్యోగి పెట్టినది. ఆయన 1986లో "గ్రేడియస్" అనే మరొక ఆటను యింటి పెట్టెకు మార్చుతున్నాడు. పరీక్షించటానికి మొదటినుంచి చివరిదాకా ఆడవలసి వచ్చేది. అది ఆయనకే మహాకష్టంగా వుండేది. అందుకని బలాలన్నీ ఒక్కసారిగా వచ్చేటట్లు ఒక రహస్యపు వరుస అమర్చుకున్నాడు. అది ఆటలో అలాగే వుండిపోయింది. కాంట్రాలో ఆ వరుసే ముప్ఫయి ప్రాణాలయింది. హషిమోటో 2020 ఫిబ్రవరిలో మరణించినప్పుడు దేశదేశాలవారు ఆ మీటల వరుసను వ్రాసుకొని ఆయనకు నివాళి అర్పించారు. ఆ కిటుకు మన వీధులకు యే దారిన వచ్చిందో గాని, ఒకడి నోటినుంచి ఒకడి చెవికి మంత్రోపదేశంలాగానే చేరేది. చెప్పినందుకు గురుదక్షిణగా రెండు గోళీకాయలు పుచ్చుకున్న మహానుభావులు నాకు తెలుసు.

పాఠభేదాలు

2019 జూనులో వచ్చిన సంకలనం పేరు "కాంట్రా ఆనివర్సరీ కలెక్షన్". కంప్యూటరు మీదను, ఆనాటి ఆటపెట్టెలమీదను ఆడవచ్చు. నేను కంప్యూటరు మీద ఆడాను. తెరిచి చూచిన తరువాత, పరిష్కృత గ్రంథం చేతికి వచ్చినంత సంతోషం కలిగింది. నాణెపు యంత్రంలోని మూలం వున్నది. అమెరికా ప్రతి వున్నది. జపాను ప్రతి వున్నది. తరువాతి కాలపు వారసులూ వున్నారు. ఆట పుట్టుపూర్వోత్తరాలు చెప్పే చిత్రాల పుస్తకం కూడా జతచేశారు.

కావ్యానికి పాఠభేదాలున్నట్లే దీనికీ వున్నాయి. జపాను కథలో యుద్ధం జరిగేది 2633వ సంవత్సరంలో, న్యూజిలాండు దగ్గరి గలూగా దీవులలో. అమెరికాలో అమ్మిన క్యాసెట్టుతో యిచ్చిన చిరుపుస్తకం భవిష్యత్తును తీసివేసి, కథను దక్షిణ అమెరికా అడవులకు తరలించింది. జపాను క్యాసెట్టులో కొనామీవారి ప్రత్యేకమయిన చిప్పు ఒకటి వుండేది. దాని బలంవల్ల మొదటి అంకంలో చెట్ల ఆకులు గాలికి వూగుతాయి. మంచునేలమీద మంచు కురుస్తుంది. అంకానికీ అంకానికీ మధ్య పటం చూపి కథ చెబుతారు. అమెరికా ప్రతిలో యివేవీ లేవు. నేను చిన్నప్పుడు ఆడిన నకలులోనూ లేవు. ముప్ఫయి యేళ్లుగా కదలకుండా నిలుచున్న ఆ తాటాకులవంటి ఆకులు హఠాత్తుగా వూగటం చూచేసరికి, తెలిసిన పద్యంలో తెలియని పాదం దొరికినట్లయింది.

ఐరోపా పాఠం మరీ చిత్రం. పిల్లలకు అందే వస్తువులలో హింస విషయమై జర్మనీలో కట్టుబాట్లు గట్టివి. అందుచేత 1990లో అక్కడ విడుదల చేసినప్పుడు మనుషులను తీసివేసి మరమనుషులను పెట్టారు. పేరుకూడా "ప్రొబొటెక్టర్" అని మార్చారు. తుపాకులు అవే, గుళ్లు అవే. చచ్చేది మాత్రం యినుము. తలిదండ్రులలో తుపాకి ఆట అనగానే నొసలు ముడిచేవారు వున్నారు. వారి శంక తేలికగా కొట్టివేయవలసినది కాదు. ఒక దేశమే దానికి తలవొగ్గింది. ఇందులో నెత్తురు కనిపించదు, బాధపడే మనిషి కనిపించడు, బొమ్మలు బొటనవేలంత. అయినా యే ఆటనయినా పిల్లవాడి చేతికిచ్చేముందు పెద్దవాళ్లు ఒకపూట తామే ఆడిచూడటం మంచిది. చూస్తే, దాని విషయం పేరునుబట్టి కాక గుణాన్నిబట్టి చెప్పగలుగుతారు.

రెండు సాయంకాలాలు

సంకలనంలో కొత్తగా చేర్చిన సౌకర్యం ఒకటి వున్నది. ఆట మధ్యలో యెక్కడ కావలిస్తే అక్కడ ఆపి, ఆ క్షణాన్ని భద్రపరచుకోవచ్చు. చనిపోతే మళ్లీ ఆ క్షణంనుంచే మొదలుపెట్టవచ్చు. పుస్తకంలో నెమలీక పెట్టుకున్నట్లు.

మొదటి సాయంకాలం నేనొక్కడినే కూర్చున్నాను. ప్రతి ఫిరంగికి ముందు ఒక నెమలీక పెట్టుకుంటూ పోయాను. పోయిన ప్రాణమల్లా వెనక్కు వచ్చింది. చిన్నతనంలో నెలల తరబడి చూడలేకపోయిన ఆ గుండెకాయ భోజనాల వేళకు పగిలిపోయింది. హెలికాప్టరు యెగిరింది. లేచి, చేతులు కడుక్కొని, విస్తరి దగ్గర కూర్చున్నాను. పప్పులో వుప్పు సరిపోయిందా అని అడిగితే చెప్పటానికి తప్ప, ఆ పూట నాకు చెప్పుకోదగిన సంగతేమీ లేకపోయింది.

రెండవ సాయంకాలం మా మేనల్లుడు వచ్చాడు. ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. ఈనాటి ఆటలలో ఆరితేరినవాడు. ప్రపంచం నలుమూలలా వున్నవారితో చెవికి యంత్రం తగిలించుకొని మాట్లాడుతూ ఆడగలడు. భద్రపరచే సౌకర్యం ముట్టుకోకూడదని ముందే వొప్పందం చేసుకొని, రెండు రిమోట్లు తగిలించి, ఒకే తెర ముందు కూర్చున్నాము. మొదటి అంకంలోనే అతడి మూడు ప్రాణాలూ హరించాయి. "ఇప్పుడేం చెయ్యాలి మావయ్యా?" అన్నాడు. ఆ మీట చూపించాను. నొక్కబోయి ఆగి, నా ముఖం వంక చూచాడు. "తీసుకోనా?" అన్నాడు. ఆ శాస్త్రం అతడికెవరూ చెప్పలేదు!

జలపాతం దగ్గర నేను పాత అలవాటుకొద్దీ గబగబా రెండు రాళ్లు యెక్కేశాను. "మావయ్యా, ఆగండి! నేను కిందనే వున్నాను!" అని కేక. వంటింట్లోనుంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చి, "ఎవరు పడ్డారు?" అన్నది. ఆ రాత్రి అయిదవ అంకం దాటలేకపోయాము. కాని తొమ్మిదిన్నరదాకా ఆ గదిలో మాటలు ఆగలేదు.

ఈ రెండు సాయంకాలాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే పాత ఆట విలువ యెక్కడున్నదో తేలిపోతుంది. ప్రాణాలు మూడే కావటంవల్ల వాటికి ధర పలికింది. ధర వున్నది గనుక అరువు పుట్టింది. అరువు వున్నచోట అడగటం, ఇవ్వటం, అలగటం, క్షమించటం అన్నీ వచ్చాయి. క్షణాన్ని భద్రపరచే సౌకర్యం ప్రాణాన్ని ఉచితం చేసింది. ఉచితమయినదానిని యెవరూ యెవరినీ అడగనక్కరలేదు. పక్కకుర్చీ ఖాళీ అయినా ఆట నడుస్తుంది.

అలాగని ఆ సౌకర్యాన్ని తప్పుపట్టటం నా అభిమతం కాదు. పగలంతా పనిచేసి అరగంట తీరిక దొరికేవారున్నారు. వేళ్లు చురుకుగా కదలనివారున్నారు. ఎనిమిదవ అంకం యెలా వుంటుందో జీవితంలో ఒక్కసారయినా చూడాలని వున్నవారున్నారు. వారికది వరమే. వాడుకోవటమా మానటమా అన్నది మన చేతిలో వుంచారు గనుక కొనామీవారిని మెచ్చుకోవాలి. మూలంలోని నియమాన్ని చెరపకుండా, దాని పక్కన మరొక దారి వేశారు.

మాధవి లేని సత్యభామ

కూచిపూడిలో వుండి యీ వ్యాసం వ్రాస్తున్నాను గనుక ఒక పోలిక చెప్పక తప్పదు. సిద్ధేంద్రయోగి పేరుతో ముడిపడిన భామాకలాపాన్ని యీ వూరి భాగవతులు వూరూరా తిరిగి రాత్రంతా ఆడేవారు. కాగడాల వెలుగు, ఆ మంటలమీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని లేచే వెలుగు, పట్టుకున్న తెరమీదుగా యివతలకు జారే సత్యభామ జడ. ఇరవయ్యవ శతాబ్దంలో విద్యుద్దీపాలు వచ్చాయి, సభలు వచ్చాయి, గంటల లెక్క వచ్చింది. ఈ వూరిలో 1929లో పుట్టిన వెంపటి చినసత్యంగారు మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, పాత విద్యను కొత్త రంగస్థలానికి తీర్చిదిద్దారు. రాత్రి తగ్గింది, విద్య దేశదేశాలకూ పోయింది. ఈ వూరివారే అయిన పసుమర్తి కృష్ణమూర్తిగారు నృత్యాలు కూర్చిన "మాయాబజార్" 1957లో నలుపు తెలుపులలో వచ్చి, 2010లో రంగులద్దుకొని మళ్లీ విడుదలయితే మనమంతా పిల్లలను వెంటబెట్టుకొని చూచాము. పాతది కొత్త వేషంలో రావటం మనకు కొత్త కాదు, కూడనిదీ కాదు.

అయితే భామాకలాపంలో తగ్గించరానిది ఒకటి వున్నది. సత్యభామకు యెదురుగా మాధవి వుండాలి. "నీ భర్త పేరేమిటి?" అని మాధవి అడగాలి, సత్యభామ సిగ్గుపడాలి, చెప్పకనే చెప్పాలి. ప్రవేశ దరువు ఒక్కటి విడదీసి ఒక్కరే ఆడితే కళ్లకు పండుగే. అది చూచి చప్పట్లు కొట్టనివాడు రసికుడు కాడు. కాని అడిగే మనిషి లేకపోతే కలాపం లేదు. కాగడా పోయినా నష్టంలేదు, గుగ్గిలం పోయినా నష్టంలేదు; మాధవి పోకూడదు. నేనొక్కడినే కూర్చుని ఆడిన కాంట్రా ప్రవేశ దరువు వంటిది. మేనల్లుడితో ఆడినది కలాపం.

నిలిచినవి, పోయినవి

మళ్లీ విడుదల కావటమనేది యెంత అరుదయిన భాగ్యమో కూడా చెప్పుకోవాలి. అమెరికాలో వీడియో ఆటల చరిత్రను కాపాడే ఒక సంస్థ 2023లో లెక్క తీసింది. ఆ దేశంలో 2010కి పూర్వం విడుదలయిన ఆటలలో నూటికి 87 యిప్పుడు కొనదలచినా బజారులో దొరకవని తేలింది. మనకిది తెలియని దుఃఖం కాదు. మన మొదటి టాకీ "భక్తప్రహ్లాద" 1932లో విడుదలయింది. ఇవాళ దాని ప్రతి యెక్కడా లేదు. ఆటలయినా, సినిమాలయినా, తాటాకులయినా పోయేటప్పుడు చప్పుడు చేయవు.

మన విషయంలో మరొక తీయని అన్యాయం కూడా వున్నది. 1990 దశకంలో మనం ఆడిన ఆ పసుపుపచ్చ క్యాసెట్ల మీద అసలు తయారుదారులకు ఒక్క దమ్మిడీ ముట్టలేదు. ఆ కుర్రవాళ్లకు ఆ సంగతి తెలియదు. తెలిసినా అసలు సరుకు కొనుక్కునే తాహతు ఆ యిళ్లకు లేదు. ఆ విధంగా చూస్తే మన బాల్యానందం కూడా అరువు ప్రాణమే. సంకలనం కొన్నరోజున ఆ పాతబాకీ వడ్డీ లేకుండా తీర్చినట్లనిపించింది.

2024 మార్చిలో వచ్చిన "కాంట్రా: ఆపరేషన్ గలూగా" సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. అమెరికాలోని వేఫార్వర్డ్ అనే సంస్థ చేత కొనామీ దీనిని చేయించింది. కథ పాతదే, బొమ్మలు, సంగీతం, యెత్తులు కొత్తవి. ఇందులో మొదటనే ఒక ప్రశ్న అడుగుతారు. కొన్ని దెబ్బలు తట్టుకునే శరీరం కావాలా, పూర్వంలాగా ఒక్క దెబ్బకు పోయేది కావాలా అని. పాత కాఠిన్యం కావలసినవారికి అది దొరుకుతుంది. వద్దనుకున్నవారికి వేరు దారి దొరుకుతుంది. కథను యిద్దరు కలిసి ఆడవచ్చు. కథ లేకుండా వట్టి పోరాటమే కావాలంటే నలుగురు కూర్చోవచ్చు. నాలుగు కుర్చీలు వేసినందుకు తయారుచేసినవారికి నా నమస్కారం.

వచ్చే వేసవిలో యింటికి పిల్లలు వస్తారు. ఎవరి గదిలో వాళ్లు, ఎవరి ఫోనులో వాళ్లు మునిగిపోయి, పిలిచినా పలకటం లేదని పెద్దవాళ్లు విసుక్కోవటం యిప్పుడు ప్రతి యింటా వినబడే మాట. విసుక్కునే బదులు ఒక పాత ఆట తగిలించి, రెండవ రిమోటు మీరు పట్టుకొని కూర్చోండి. వేళ్లు తిరగకపోయినా ఫరవాలేదు. మీ ప్రాణాలు త్వరగా అయిపోతాయి, మనుమడిని ఒకటి అప్పడగండి. ఇస్తాడు. ఇచ్చేటప్పుడు వాడి ముఖం చూడండి. ఒకవేళ మీకే ఆట బాగా వచ్చి, ముందుకు దూసుకుపోగలిగితే, జలపాతం దగ్గరకు వచ్చేసరికి మాత్రం కాస్త నెమ్మదించండి. కిందవాణ్ణి రానివ్వండి.